ఇరవై అంకెల సంఖ్యను కాగితం మీద పరీక్షించడం ఎలా?

తిరుపతి బైరాగిపట్టెడలో సాయంత్రం పూట లెక్కలు చెబుతుంటాను. పోటీ పరీక్షలకు చదివే పిల్లలు బ్యాచ్ మారినప్పుడల్లా ఒకే మాట అడుగుతారు. "సార్, ఇంత పొడుగు సంఖ్య ఇచ్చి 7తో పోతుందా, 11తో శేషమెంత అంటే ఎట్ల చేసేది? క్యాలిక్యులేటరే పట్టదు కదా!" మొన్న చిత్తూరు నుంచి ఒకాయన ఫోన్ చేసి, తొమ్మిదో తరగతి చదివే వాళ్ళమ్మాయి కోసం ఇదే అడిగాడు. ప్రతిసారీ బోర్డు మీద మొదటినుంచీ చెప్పేకంటే ఒకచోట రాసిపెడితే నయమనిపించింది.

ఉదాహరణకు ఒకే సంఖ్య తీసుకుందాం. చదరంగం బల్ల మీద మొదటి గడిలో ఒక గింజ, రెండోదాంట్లో రెండు, మూడోదాంట్లో నాలుగు, ఇలా 64 గళ్ళూ నింపితే మొత్తం ఎన్ని గింజలు? 2⁶⁴ – 1. విడమరిచి రాస్తే:

18446744073709551615

గ్రాముకు 40 బియ్యపు గింజలు తూగుతాయనుకుంటే ఇది దాదాపు 46 వేల కోట్ల టన్నులు. ఏ మిల్లూ పట్టని సరుకు. కానీ దీని గుణాలు తెలుసుకోవడానికి పెన్సిలు, అరగంట చాలు. ఎందుకంటే మనం సంఖ్యను మొత్తంగా ఎక్కడా మోయం, శేషాలతోనే పని నడిపిస్తాం.

కావలసినవి

గళ్ళ నోటుబుక్కు (గీతల పుస్తకంలో అంకెలు జరిగిపోతాయి, వద్దు). పెన్సిలు, రబ్బరు. రెండు రంగుల పెన్నులు. 17 ఎక్కం ఒక మూల రాసి పెట్టుకోండి. ఫోన్ మాత్రం చివరిదాకా పక్కగదిలో ఉండనివ్వండి.

1. సంఖ్యను తప్పులేకుండా దించుకోండి

సగం తప్పులు ఇక్కడే జరుగుతాయి. గడికి ఒక అంకె చొప్పున రాయండి. రాసిన తర్వాత కుడినుంచి ఎడమకు ఒకసారి వేలు పెట్టి సరిచూడండి.

ఈ సంఖ్యకైతే మన తెలుగులోనే ఒక తాళంచెవి ఉంది. మహావీరాచార్యుడి సంస్కృత గణితాన్ని తెలుగు చేసిన పావులూరి మల్లన పేరు మీద చెప్పుకునే పద్యంలో ఈ ఇరవై అంకెలూ మాటల రూపంలో ఉన్నాయి. వరసగా ఇవి:

శర, శశి, షట్క, చంద్ర, శర, సాయక, రంధ్ర, వియత్, నగ, అగ్ని, భూధర, గగన, అబ్ధి, వేద, గిరి, తర్క, పయోనిధి, పద్మజాస్య, కుంజర, తుహినాంశు.

మొదటి మాట ఒకట్ల స్థానం. అక్కడినుంచి ఎడమకు నడవాలి. శర, సాయక అంటే మన్మథుడి బాణాలు, 5. చంద్రుడి పేర్లన్నీ 1. అగ్ని 3, వేదాలు 4, బ్రహ్మ ముఖాలు 4, తర్క 6, దిక్కుల ఏనుగులు 8, ఆకాశం 0. నగ, భూధర, గిరి మూడూ కొండలే, 7. తిరుపతిలో ఉండి ఇది మరచిపోయేవాళ్ళెవరు?

జారిపడే చోట్లు రెండున్నాయి. ఒకటి సముద్రం. సప్త సముద్రాలని మనసులో ఉండి అబ్ధికి, పయోనిధికి 7 వేసేస్తారు. ఇక్కడ సముద్రమంటే 4. రెండోది ఇంకా మోసం.

"సార్, రంధ్రమంటే బొక్క కదా, సున్నా వేసినా," అన్నాడు ఒక పిల్లాడు.

"నీ ఒంటికి ఎన్నున్నాయి నాయనా రంధ్రాలు?"

వాడు ముక్కు దగ్గర మొదలుపెట్టి వేళ్ళ మీద లెక్కపెట్టుకుని, నవ్వాపుకుంటూ "తొమ్మిది" అన్నాడు. రంధ్ర అంటే 9. ఈ తప్పు గుర్తుంచుకోండి, నాలుగో మెట్టులో మళ్ళీ దీని పని పడుతుంది.

పద్యంతో పనిలేదనుకునేవాళ్ళు నేరుగా పైన రాసిన అంకెలే తీసుకోండి, నష్టం లేదు.

2. అంకెలెన్నో లెక్కపెట్టండి

వేలితో లెక్కపెడితే 20 రావాలి. వేరే దారిలో కూడా చూడండి: 10 ఆధారంగా 2కు లాగ్ 0.30103. దాన్ని 64తో హెచ్చిస్తే 19.26592. చుక్కకు ముందున్న 19కి ఒకటి కలిపితే 20. ఆ ఒకటి కలపడం మరచిపోయి 19 అని రాసినవాళ్ళ పేపర్లు నా దగ్గర చాలా ఉన్నాయి.

2⁶⁴లోంచి 1 తీసేశాం కదా, ఒక అంకె తగ్గదా అని అడుగుతారు. 1000లోంచి 1 తీస్తే తగ్గుతుంది నిజమే. కానీ 2ను ఎన్నిసార్లు హెచ్చించినా చివర సున్నా రాదు, కాబట్టి ఇక్కడ ఆ భయం లేదు.

ఒకసారి ఒక కోచింగ్ సెంటర్ మెటీరియల్లో ఇదే సంఖ్య 19 అంకెలతో అచ్చయింది. మధ్యలో ఒక సున్నా ఎగిరిపోయింది. దానిమీద మా పిల్లలు రెండు రోజులు కుస్తీ పట్టారు. ముందు అంకెలు లెక్కపెట్టి ఉంటే రెండు నిమిషాల్లో తేలేది.

3. తోక చూడండి

చివరి అంకె 5. కాబట్టి బేసి సంఖ్య, 2తో పోదు, 5తో పోతుంది. చివరి రెండంకెలు 15, కాబట్టి 25తో పోదు. వర్గ సంఖ్య అయ్యే అవకాశం కూడా ఇక్కడే పోయింది. 5తో ముగిసే ఏ వర్గానికైనా చివర 25 ఉండాలి (15 × 15 = 225, 35 × 35 = 1225). మనకున్నది 15.

సంఖ్య మొత్తం ఇవ్వకుండా 2⁶⁴ – 1 అని మాత్రమే ఇస్తే? 2 ఘాతాల చివరి అంకెలు 2, 4, 8, 6 అని తిరుగుతూ ఉంటాయి. 64 అనేది 4తో నిశ్శేషంగా పోతుంది, కాబట్టి 2⁶⁴ చివర 6. ఒకటి తీస్తే 5. శేషం 0 వచ్చినప్పుడు వరసలో మొదటి అంకె (2) తీసుకోవడం మామూలు తప్పు. చివరి అంకె (6) తీసుకోవాలి.

4. అంకెలు కూడండి, తర్వాత మార్చి మార్చి తీసేయండి

అన్నీ కూడితే 87. 87ను 3తో భాగిస్తే శేషం లేదు. 8 + 7 = 15, 1 + 5 = 6. అంటే సంఖ్య 3తో పోతుంది, 9తో పోదు, 9తో శేషం 6.

ఇప్పుడు 11. కుడి చివరనుంచి ఒక అంకె ఎర్ర పెన్నుతో, పక్కది నీలం పెన్నుతో సున్నా చుట్టండి. ఎర్రవి కూడితే 62, నీలివి 25. తేడా 37. 37ను 11తో భాగిస్తే శేషం 4. పెద్ద సంఖ్యకూ శేషం అదే.

ఎడమనుంచి మొదలుపెడితే ఏమవుతుంది? మనకున్నవి 20 అంకెలు, సరి సంఖ్య. గుర్తులు తిరగబడి –37 వస్తుంది. దానికి 44 కలిపితే 7. తప్పు శేషం. 'పోతుందా, పోదా' అని మాత్రమే అడిగితే బయటపడతారు, శేషం అడిగితే మార్కు పోతుంది. పద్యంలో లాగే ఎప్పుడూ కుడినుంచే నడవండి.

ఇక రంధ్రం సంగతి. 9 ఉండాల్సిన చోట 0 వేశారనుకోండి. అంకెల మొత్తం 87కు బదులు 78 అవుతుంది. 7 + 8 = 15, మళ్ళీ 6! అంటే తొమ్మిది పరీక్షకు ఈ తప్పు కనబడనే కనబడదు. 0, 9 దానికి ఒకటే. రెండంకెలు తారుమారైనా అది పట్టుకోలేదు, మొత్తం మారదు కాబట్టి. పదకొండు పరీక్ష పట్టేస్తుంది: ఎర్రవి 53, నీలివి 25, తేడా 28, శేషం 6. రావాల్సింది 4.

4 రావాలని ముందే ఎలా తెలుసు? 2¹⁰ అంటే 1024. దాన్ని 11తో భాగిస్తే 1 మిగులుతుంది. కాబట్టి 2⁶⁰కీ శేషం 1. మిగిలిన 2⁴ అంటే 16, దానికి శేషం 5. ఒకటి తీస్తే 4. అంకెలు చూడకుండానే వచ్చిన జవాబు ఇది, అంకెలతో వచ్చినదానితో కలిసింది. ఈ రెండూ కలవనప్పుడు ముందుకు పోవద్దు, మొదటి మెట్టుకు వెళ్ళి అంకెలు సరిచూడండి.

తొందరున్నవాళ్ళకు అడ్డదారి: కుడినుంచి రెండేసి అంకెలుగా విడదీసి కూడండి. 15 + 16 + 55 + 09 + 37 + 07 + 44 + 67 + 44 + 18 = 312. మళ్ళీ విడదీస్తే 3 + 12 = 15. ఈ 15ను 9తో భాగిస్తే 6, 11తో భాగిస్తే 4. ఒకే కూడికలో రెండు శేషాలూ వచ్చాయి.

5. 7, 11, 13 మూడింటికీ ఒకే దెబ్బ

7 × 11 × 13 = 1001. అందువల్ల కుడినుంచి మూడేసి అంకెలుగా విడదీసి, ఒకటి కలుపుతూ ఒకటి తీసేస్తూ పోతే చాలు.

18 | 446 | 744 | 073 | 709 | 551 | 615

615 – 551 = 64
64 + 709 = 773
773 – 073 = 700
700 + 744 = 1444
1444 – 446 = 998
998 + 18 = 1016

1016లోంచి 1001 తీసేస్తే 15. దీన్ని 7తో భాగిస్తే శేషం 1, 11తో 4, 13తో 2. మూడింటితోనూ పోదు. 11కు మళ్ళీ 4 వచ్చింది చూశారా, పోయిన మెట్టు సరిగ్గా చేశామన్నమాట.

ఇక్కడ మనవాళ్ళు చేసే తప్పు ఒకటుంది, ఇది కామాల వల్ల వస్తుంది. లక్షలు, కోట్లు అలవాటైన చెయ్యి ఈ సంఖ్యను 1,84,46,74,40,73,70,95,51,615 అని రాస్తుంది. చదవడానికి అది బాగానే ఉంటుంది. కానీ ఆ కామాల మధ్య ఉన్న ముక్కలతోనే కూడికలు తీసివేతలు చేస్తే 733 వస్తుంది, 7తో శేషం 5 అని తేలుతుంది. పూర్తిగా తప్పు. ఈ పరీక్షకు ముందు పాత కామాలు రబ్బరుతో చెరిపేసి, మూడేసి అంకెలకు నిలువు గీతలు గీయండి. చెరపకుండా గీస్తే రెండూ కలిసి కళ్ళు మోసపోతాయి, నాకే జరిగింది.

ఒక ముక్క ముందు సున్నా ఉంటే (073) దాన్ని వదిలేయకండి. వదిలేస్తే పక్క అంకె జరిగి వచ్చి ముక్కలన్నీ మారిపోతాయి.

రెండేసిగా కూడినా 15, మూడేసిగా కూడినా 15, తోకలో కూడా 15. కాకతాళీయమని ఒకప్పుడు నేనూ అనుకున్నాను. కాదు. 2⁶⁰ను 7, 9, 11, 13, 25లలో దేనితో భాగించినా 1 మిగులుతుంది. దాన్ని 16తో హెచ్చించి 1 తీస్తే 15. 31, 41, 61లకు కూడా ఇదే శేషం. పరీక్షలో ఈ సంఖ్య కనబడితే ఇది పది నిమిషాలు మిగులుస్తుంది. మరీ మురిసిపోకండి, 37కు ఇది పనిచేయదు, శేషం 11 వస్తుంది.

6. సూత్రం లేని సంఖ్యలకు: మిగులును మోసుకుపోవడం

17కు సులువు సూత్రం వెతుక్కునే బదులు బడిలో చేసిన భాగహారమే చేయండి, భాగఫలం రాయకుండా. ఇది మాత్రం ఎడమనుంచి. ఉన్న మిగులు పక్కన తర్వాతి అంకె పెట్టడం, 17లు తీసేయడం, అంతే.

1 పక్కన 8: 18, మిగులు 1. పక్కన 4: 14, మిగులు 14. పక్కన 4: 144, మిగులు 8. పక్కన 6: 86, మిగులు 1. పక్కన 7: 17, మిగులు 0. ఆ తర్వాతి అంకెలకు మిగుళ్ళు వరసగా 4, 10, 15, 4, 9, 12, 1, 2, 8, 0, 1, 16, 8, 0.

చివరి మిగులు 0. సంఖ్య 17తో పోతుంది. ప్రతి అంకె కింద దాని మిగులును చిన్నగా రాయండి. నోటితో చేసుకుంటూ పోతే పన్నెండో అంకె దగ్గర ఎవరైనా తడబడతారు. మధ్యలో 0 వచ్చిందని 'అయిపోయింది' అనుకుని ఆపేసేవాళ్ళూ ఉన్నారు. చివరి అంకె దాకా వెళ్ళాలి. మిగులు ఎప్పుడైనా 17 గానీ అంతకంటే ఎక్కువ గానీ కనబడితే ఆ మెట్టు తప్పు.

7. కారణాంకాలు

మామూలుగా 20 అంకెల సంఖ్యను చేత్తో విడగొట్టడం అయ్యే పని కాదు, ఆ ఆశ పెట్టుకోవద్దు. ఇది మాత్రం తనంతట తానే విడిపోతుంది. a² – b² = (a – b)(a + b) గుర్తుంది కదా, దాన్నే మళ్ళీ మళ్ళీ వాడితే:

2⁶⁴ – 1 = 3 × 5 × 17 × 257 × 65537 × 4294967297

మొదటి ఐదూ ప్రధాన సంఖ్యలే. చివరిది కూడా ప్రధాన సంఖ్యేనని 1640లో ఫెర్మా అనే గణితజ్ఞుడు నమ్మాడు. 1732లో మరో గణితజ్ఞుడు ఆయిలర్ దాన్ని 641తో భాగించి చూపించాడు: 641 × 6700417. ఆయిలర్ వరసగా అన్ని సంఖ్యలతోనూ భాగిస్తూ కూర్చోలేదు. ఇలాంటిదాన్ని భాగించే ప్రధాన సంఖ్య ఏదైనా 64 ఎక్కానికి ఒకటి కలిపిన రూపంలోనే ఉండాలని కనిపెట్టాడు. అలాంటి ప్రధాన సంఖ్యలు 193, 257, 449, 577, 641. ఐదోదే దొరికింది! ఆరో మెట్టులో 17తో చేసిన పనే 641తో పదంకెల సంఖ్య మీద చేసి చూడండి, మిగులు 0 వస్తుంది. 6700417 ప్రధాన సంఖ్య, దాన్ని ఇంకా విడగొట్టాలని చూడకండి.

కాబట్టి ప్రధాన కారణాంకాలు ఏడు: 3, 5, 17, 257, 641, 65537, 6700417. మొత్తం భాజకాలు ఎన్ని? ఒక్కో ప్రధాన సంఖ్యను తీసుకోవచ్చు, వదిలేయవచ్చు. రెండేసి దారులు ఏడుసార్లు, 2⁷ = 128. ఏడు అని రాసేవాళ్ళున్నారు, 14 అని రాసేవాళ్ళూ ఉన్నారు. 1నీ, ఆ సంఖ్యనీ కలుపుకునే 128, మళ్ళీ వాటిని విడిగా కలపకండి.

8. ఇప్పుడు ఫోన్ తీయండి

మామూలు క్యాలిక్యులేటర్లు 1.8446744 పక్కన 10 ఘాతం 19 అని చూపించి ఊరుకుంటాయి. అది అంచనా, సంఖ్య కాదు. దానిలోంచి శేషం తీయకూడదు.

ఎక్సెల్ లాంటి స్ప్రెడ్‌షీట్‌లో సంఖ్యగా కొడితే 15 అంకెల వరకే నిలుస్తాయి, మిగతావి సున్నాలైపోతాయి. మా దగ్గర చదివే అమ్మాయి ఒకసారి నెట్ సెంటర్‌కు వెళ్ళి కొట్టి, "సార్, ఇది 100తో పోతుంది" అని సంబరంగా ప్రింటు తెచ్చింది. కాగితం మీద 18446744073709500000 అని ఉంది. చివరి అంకె 5 అని మూడో మెట్టులో తేల్చుకున్నవాళ్ళకు ఈ ప్రింటు చూడగానే అనుమానం రావాలి.

పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష అయితే అంకెలన్నీ పూర్తిగా ఉంచుకుంటుంది. ఫోన్‌లో కూడా నడుస్తుంది. 2**64-1 అని కొడితే ఇరవై అంకెలూ వస్తాయి. శేషానికి (2**64-1)%11 అని కొట్టండి, 4 రావాలి. బ్రాకెట్లు మరచిపోతే వేరే ఏదో వస్తుంది. రెండు నక్షత్రాలకు బదులు ^ గుర్తు వేస్తే, 2^64కు జవాబు 66 అని చూపిస్తుంది. అక్కడ ఆ గుర్తుకు ఘాతమని అర్థం కాదు. భాగహారానికి ఒక గీత కాకుండా రెండు గీతలు (//) వాడండి. ఒక్క గీత పెడితే జవాబు దశాంశంగా మారి తోకలోని అంకెలు పోతాయి.

కారణాంకాలు సరిచూడటానికి ఫోన్ లేకపోయినా ఫర్వాలేదు. 641కి 9తో శేషం 2, 6700417కి 7. రెండూ హెచ్చిస్తే 14, అంటే 5. 4294967297 అంకెల మొత్తం 59, అదీ 5. తర్వాత 11తో: రెండింటి శేషాలు 3, 9. 3 × 9 = 27, శేషం 5. పదంకెల సంఖ్యకూ 5. తొమ్మిదితో ఒక్కటే చూసి వదిలేయకండి, రంధ్రం కథ చదివారు కదా.

అభ్యాసానికి

2³² – 1, అంటే 4294967295 తీసుకుని ఇవే మెట్లు ఎక్కండి. అంకెలు 10, మొత్తం 57. మూడేసిగా విడదీసి చేస్తే 295 – 967 + 294 – 4, అంటే –382 వస్తుంది. మైనస్ చూసి టెన్షన్ పడొద్దు, గుర్తు తీసేసి 382 అని కూడా రాయొద్దు. 1001 కలపండి: 619. అప్పుడు 7తో శేషం 3, 11తో 3, 13తో 8. భాజకాలు 32 రావాలి. 64 వచ్చిందంటే ఒక ప్రధాన సంఖ్యను ఎక్కడో రెండుసార్లు లెక్కపెట్టారు, ఏడో మెట్టు దగ్గర వెతకండి.